బుడ్డల మూట

కిందటేడు ఆగస్టులో, సెలవులనుంచి తిరిగివచ్చిన మిత్రులచేత మా నాయన అయిదు కిలోల ఒలిచిన శనక్కాయలు పంపారు. మా అనంతపురం వైపు బుడ్డలంటాం. కాయ ఊరేవేళకు వాన మొహం చాటేసిన పంట అది. అయినా మనవరాలికి ఉండలు చేసిపెట్టమని పంపారు. మూటను పదిహేను రోజులు ఏసీ లేని స్టోరుగదిలో పడేసిన తప్పు మాత్రం మాదే. మస్కట్ ఉక్క మీకు చెప్పాలా!

విప్పేసరికి ముక్కవాసన. అడుగున కొన్ని గింజలకు పచ్చని బూజు. పారేద్దామని ఒకరం, ఏరి వేయించుకుందామని ఒకరం.

వేయిస్తే పూర్తిగా పోయేది కాదది. ఆ బూజు వదిలే విషం అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీకోళ్లు చచ్చిపోతే, వాటి మేతలోని వేరుశనగ పిండిలో దీని గుట్టు బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని సుమారు వందమంది పోయారు. కొద్దికొద్దిగా ఏళ్లతరబడి తిన్నా కాలేయానికి క్యాన్సరు ముప్పే. బెట్టలో చేలోనే మొదలైందో, మా స్టోరులో పెరిగిందో!

మాలో ఒకరం సివిల్ ఇంజనీరు కనుక, ఇలాంటి విషాలను పట్టే కాంటిలీవర్ పరికరాల గురించి చదివి ఆశపడ్డాం. కిటికీమీది సన్‌షేడ్ చూడండి, ఒక అంచు గోడలో, రెండోది గాలిలో. అలాంటిదే సిలికాన్‌తో, మిల్లీమీటరులో పదోవంతో అయిదోవంతో పొడవున, వెంట్రుకకన్న ఎంతో పలచగా చేస్తారు. ఒక ముఖాన ఆ విషాన్నే పట్టుకునే యాంటీబాడీలు అంటిస్తారు. విషం తగలగానే రేకు నానోమీటర్ల లెక్కన వంగుతుంది. దానిమీద పడిన లేజరు కిరణం పక్కకు జరిగి ఆ సంగతి చెబుతుంది. నేరుగా తినే వేరుశనగకు యూరపు పెట్టిన హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. అంత సన్నని వెదుకులాట మరి!

కాని విషం మూటంతా సమంగా పరుచుకోదు. వేల గింజల్లో ఒకటి రెంటిలోనే కుప్పపడి ఉండవచ్చు. రేకు ఎంత సున్నితమైనా మనం నూరి ఇచ్చిన గుప్పెడు సంగతే చెబుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ వారి చౌక పరీక్షకూ ఇదే చిక్కు. మూట పారేశాం.

వారం తిరక్కుండా నాయన ఫోను.

"ఏమ్మా, బుడ్డలు బాగుండాయా?"

"బాగుండాయి మామా."

ఆ పంట గింజలే ఆయన ఇంట్లోనూ ఉన్నాయని ఫోను పెట్టేశాక తట్టింది. మళ్లీ చేసి ఉన్నమాట చెప్పాం. కాసేపు పలకలేదు.

"ఆవుకన్నా పెట్టొచ్చునా?" అన్నారు.

వద్దన్నాం. పాలలోకి దిగుతుంది.