నిలబెట్టి తీసిన కొలత

నెల్లికుదురులో మా ఇంటి ముందర గదిలో కుట్టుమిషన్ ఉంటుంది. జాకెట్లు, లంగాలు, బడి పిల్లల డ్రెస్సులు కుట్టడం నా పని. టేపు పట్టకుండానే మనిషిని చూసి కొలత చెబుతానని వాడలో కొంచెం పేరు కూడా ఉంది. అట్లాంటి నేను సొంత బిడ్డకు కుట్టిన రాణి వేషం ఎట్లా చెడగొట్టానో చెప్పాలనుకుంటున్నాను. కృష్ణాష్టమికో, బడి వార్షికోత్సవానికో పిల్లలకు వేషం కట్టని ఇల్లు ఇప్పుడు లేదు కనుక ఇది ఎవరికైనా అక్కరకొస్తుంది.

2022 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం 7వ తేదీ నుంచి 13 దాకా కాకతీయ వైభవ సప్తాహం జరిపింది. కాకతీయుల వారసుడిగా బస్తర్ నుంచి కమల్‌చంద్ర భంజ్‌దేవ్ ఓరుగల్లుకు వచ్చారు. టీవీలో, ఫోన్లలో ఎక్కడ చూసినా కాకతీయులే. అంతకుముందే మా మరిది వాళ్లు డల్లాస్ నుంచి ఒక వీడియో పంపారు. అక్కడికి దగ్గర్లోని వాక్సహాచీ అనే ఊళ్లో ఏటా వేసవి ముందర స్కార్‌బరో అనే రినైసాన్స్ ఫెయిర్ జరుగుతుందట. అంటే పదహారో శతాబ్దపు ఇంగ్లండు ఊరి సంతను మళ్లీ కట్టినట్టు. కత్తిసాము, కమ్మరి కొలిమి, రాజుగారి ఊరేగింపు అన్నీ ఉంటాయి. చూడటానికి వచ్చే జనం కూడా ఇంట్లో కుట్టుకున్న పాతకాలపు బట్టల్లో వస్తారు. 1963లో లాస్ ఏంజిలిస్‌లో ప్యాటర్సన్ దంపతులు మొదలుపెట్టిన ఈ వేడుక తర్వాత ఆ దేశమంతా పాకింది. వీడియోలో మా మరిది రాజు, యారాలు రాణి, పిల్లలు యువరాజులు.

అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. వాళ్లకు పరాయి రాజుల వేషమే అంత ముద్దయితే, పక్కనే ఓరుగల్లు కోట పెట్టుకుని మనం ఊరుకోవడమేంది అనుకున్నాను. మూడో తరగతి చదివే బిడ్డను రుద్రమదేవిని చేయాలి, కొడుకును పేరిణి నర్తకుణ్ణి చేయాలి, మా ఆయన కోట కావలి భటుడు. ఆదివారం కోటకు పోయి తోరణాల ముందర ఫొటోలు దిగాలి. ఇదీ పథకం.

రుద్రమ అనగానే నా కళ్ల ముందుకు వచ్చింది 2015లో వచ్చిన సినిమా. ఆ పోస్టర్ ఫోన్‌లో పెద్దది చేసి మిషన్ పక్కన పెట్టుకున్నాను. మెరూన్ వెల్వెట్ కొన్నాను. నిండు చేతుల అంగీ, లోపల అస్తరు, వెనక వరసగా హుక్కులు, అంచులకు జరీ. టీవీ డబ్బా అట్టను కోసి, బంగారు రంగు కాగితం అంటించి ఛాతీకి కవచం, భుజాలకు రేకులు, తలకు కిరీటం చేశాను. బిడ్డను నిలబెట్టి మెడ నుంచి నడుం దాకా కొలిచి అట్ట కోశాను. తొడిగి చూస్తే అచ్చం పోస్టరే. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూసి పోయారు.

కొడుకు వంతు వచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. వాళ్ల నాన్న పాత పంచెను సగానికి చింపి కాళ్ల నడుమగా దోపాను, మిగిలిన ఎర్ర గుడ్డముక్కను నడుముకు కట్టాను. వాడు అలిగాడు, అక్కకే అన్నీ అని.

ఆదివారం తొలి ఏకాదశి. రెండు రోజుల నుంచి ముసురు పట్టి ఉంది, భారీ వానలని టీవీలో చెబుతూనే ఉన్నారు. మా అత్తమ్మ కూడా వద్దంది, వద్దంటూనే మా వెంట బయల్దేరింది. వేషం తయారయ్యాక ఆగుతామా? పొద్దున్నే బిడ్డకు అన్నీ తొడిగి తొర్రూరు పోయి, అక్కణ్నుంచి రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా ఓరుగల్లు బస్సెక్కాం. ఇంట్లోంచి కదిలే ముందు బిడ్డకు ఒక మాట చెప్పాను: "నీళ్లు ఎక్కువ తాగకు. ఒంటికి వస్తే హుక్కులన్నీ విప్పాలి, కవచం తీయాలి, మళ్లీ తొడిగేసరికి గంటయితది."

ఈ మాటే ఇప్పటికీ నన్ను పట్టుకుని ఉంది.

బస్సులో సీటు దొరికింది. బిడ్డ కూర్చోగానే అట్ట కవచం పైకి లేచి గదువకు తగిలింది. నడుం వంగితే కింది అంచు పొట్టలో గుచ్చుకుంటుంది, వెనక్కు వాలితే భుజం రేకులు సీటుకు పట్టుకుంటాయి. అప్పుడు తట్టింది నాకు, కొలత అంతా నిలబెట్టి తీశాను, కూర్చోబెట్టి తీయలేదని. జాకెట్ కుట్టేటప్పుడు చేయి పైకెత్తమని ప్రతి మనిషికీ చెప్పేదాన్ని, నా బిడ్డకు చెప్పలేదు. పిల్ల వర్ధన్నపేట దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. ఆమె విడిచిన సీట్లో కొడుకు కాళ్లు ముడుచుకుని నిద్రపోయాడు.

కోటకు చేరేసరికి జల్లు మొదలైంది. తోరణం ముందు గబగబా ఫొటోలు తీశాం. నవ్వమంటే బిడ్డ పళ్లు మాత్రం చూపించింది. ఆ తర్వాత వాన దంచికొట్టింది. ఖుష్ మహల్ కప్పు కిందికి ఉరికేలోపే కిరీటం మెత్తబడి చెవుల మీదికి జారింది, కవచం మీది బంగారు కాగితం జిగురు వదిలి వేలాడింది. వెల్వెట్ నీళ్లు పీల్చి మణుగు బరువయింది. కొత్త గుడ్డను ఉతికి ఆరేయకుండా కోశాను కనుక రంగు దిగి పిల్ల మెడంతా ఎర్రగా అయింది. నెత్తురనుకుని మా ఆయన ఒక్క క్షణం బెదిరిపోయాడు.

"దూపయితంది అమ్మా" అంది బిడ్డ. అంటూనే కళ్లు తేలేసి గోడకు ఆనుకుంది. పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగలేదట. ఏకాదశి ఉపవాసమున్న మా అత్తమ్మే దారంతా గుటక గుటక తాగుతూ వచ్చింది. ఉపవాసం లేని పిల్లను నేను ఎండగట్టాను.

హుక్కులు తడికి బిగుసుకుపోయాయి. అత్తమ్మ నా చేయి పక్కకు నెట్టి వెనక కుట్టును పర్రున చింపేసింది. నీళ్లు తాగించింది, పేలాల పిండి నోట్లో పెట్టింది. తన సంచిలోంచి పొడి నూలు చీర తీసి, రెండు మడతలు వేసి, పిల్లకు గోచి పోసి కట్టింది. వానాకాలం బయటికి పోతే ఆమె ఎప్పుడూ ఇంకో చీర పెట్టుకుంటుంది. కాసేపటికి పిల్లకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముడి చేయి పట్టుకుని ఖుష్ మహల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు ఉరకడం మొదలుపెట్టింది.

వాన తగ్గేదాకా అక్కడే తలదాచుకున్న కాలేజీ పిల్లలు కొందరు అత్తమ్మ దగ్గరికి వచ్చి, "అవ్వా, మీ గెటప్ సూపరుంది, ఒక్క ఫొటో" అన్నారు. "గెటప్ కాదు బిడ్డా, పొద్దుగాల కట్టుకున్న చీర" అంది అత్తమ్మ. మా ఇంట్లో వేషం ఊసే లేని మనిషి ఆమె ఒక్కతే. కోటకు తగినట్టు ఉన్నదీ ఆమె ఒక్కతే.

మర్నాటి నుంచి వానలకు బడులకు సెలవులిచ్చారు. ఆ వారంలోనే భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటింది. అంత వాన వస్తుంటే అట్ట కవచంతో బయల్దేరిన మా తెలివిని తలుచుకుని తర్వాత చాలాసార్లు నవ్వుకున్నాం. బిడ్డ మాత్రం చాలా రోజులు ఆ ఫొటోలు చూడనివ్వలేదు.

సెలవుల్లో కూర్చుని రుద్రమదేవి గురించి పిల్లల పుస్తకాల్లో, ఆయనా ఈయనా చెప్పిన దాంట్లో వెతుక్కున్నాను. ఈ పని వెల్వెట్ కోయకముందు చేయాల్సింది. గణపతిదేవుడు కూతురికి రుద్రదేవుడని మగపేరు పెట్టి గద్దె ఎక్కించాడు, శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మగ దుస్తుల్లో కొలువుతీరేదని చెబుతారు. 1262 నుంచి 1289 దాకా ఏలింది. ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని నల్లగొండ వైపు చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం ఉంది. ముసలితనంలో కూడా యుద్ధభూమిలోనే ఉందని చెబుతారు. గుర్రమెక్కి తిరిగే మనిషి కూర్చోవడానికి రాని కవచం తొడుక్కుంటుందా? ఆమెకు ఆ బట్టలు పని కోసం. నేను ఫొటో కోసం కుట్టాను.

గుడ్డ సంగతి ఇంకా సిగ్గు. మార్కోపోలో అనే వెనిస్ వర్తకుడు ఈ రాజ్యం గురించి రాస్తూ ఇక్కడి నూలు బట్టలు సాలెగూడంత సన్నగా ఉంటాయని పొగిడాడు. సన్నని నూలుకు సముద్రాల అవతల పేరున్న రాజ్యపు రాణికి నేను జూలై ఉక్కలో వెల్వెట్ తొడిగాను.

చలికాలం వచ్చాక పాలంపేట రామప్ప గుడికి పోయాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అందరూ నీళ్లలో తేలే ఇటుకల గురించి అడుగుతుంటే నేను దర్జీ కళ్లతో మదనికల శిల్పాల చుట్టూ తిరిగాను. కుట్టిన చేతులు లేవు, హుక్కులు లేవు. నడుముకు చుట్టిన సన్నని బట్ట, దాని మడతలు రాతిలో గీతలుగా కనిపిస్తాయి. బరువంతా నగలదే. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు చూసి బిడ్డ పకపక నవ్వింది. కొడుకు నర్తకుల వరుస ముందర నిలబడి, "నా పంచె గిట్లనే ఉండె గదా" అన్నాడు. ఓపిక లేక చింపి కట్టిన పంచె, రోజులకొద్దీ కుట్టిన వెల్వెట్ కంటే ఈ రాతికి దగ్గరగా ఉంది. నాకు బదులు చెప్పబుద్ధి కాలేదు.

డల్లాస్ యారాలుకు ఫోన్‌లో ఇదంతా చెబితే ఆమె నవ్వలేదు. మొదటిసారి వాళ్ల గతీ అంతేనట. రాణి గౌనులో కుర్చీలో కూర్చోలేక, తినలేక, ఎండకు కళ్లు తిరిగి మధ్యలోనే ఇంటికి వచ్చేశారట. వీడియోలో అది లేదు. అక్కడ కొత్తగా వచ్చేవాళ్లే రాజులూ రాణులూ అవుతారనీ, ఏటా వచ్చేవాళ్లు నూలు చొక్కా, వదులు లంగా వేసుకుని రైతుల్లాగా వస్తారనీ చెప్పింది. రోజంతా నడిచి, తిని, పిల్లల్ని ఎత్తుకుని తిరగాలంటే అదే దారి.

ఇప్పుడు వేషాలు కుట్టమని నా దగ్గరికి తల్లులు వస్తుంటారు. ఫోన్‌లో బొమ్మ చూపిస్తారు. బొమ్మ పక్కన పెట్టి ముందు పిల్లనే అడుగుతాను, ఏం కావాలని, ఎక్కడ గుచ్చుకుంటుందని. గుడ్డ ఉతికి ఆరేసి గానీ కత్తెర పెట్టను. కొలత నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి తీస్తాను. హుక్కులు ముందరే పెడతాను, పిల్ల తన చేత్తో తాను విప్పుకునేటట్టు. అట్టతో చేసేవి ఏవైనా తలకు, చేతికే గానీ ఒంటికి కట్టను. పెట్టెలో అవ్వ చీరో, తాత పంచెనో ఉంటే కొత్త గుడ్డ కొనొద్దని చెబుతాను. దానివల్ల నా కూలి తగ్గుతుంది, తగ్గనీ.

ఇంటి దగ్గర వేషం తొడిగాక పిల్లను ఫొటో దిగమనకండి. గ్లాసెడు నీళ్లు తాగించండి, నేల మీద బాసిపట్లు వేసి కూర్చోమనండి, వాకిట్లో ఒక చుట్టు ఉరకమనండి. ఈ మూడింట్లో ఏది చేయలేకపోయినా తప్పు పిల్లది కాదు, కుట్టిన వాళ్లది. అక్కడే విప్పేయండి.