మూడు కొండలు, ఒక పటము

ఇంగ్లండు దేశమున యార్క్‌షైరు మండలమందు పెనిగెంట్, వర్న్‌సైడ్, ఇంగిల్‌బరో అను మూడు కొండలు కలవు. వాని యెత్తు క్రమముగా 694, 736, 723 మీటర్లు. మన తిరుమలకంటె తక్కువయే. కాని మూటిని ఒక్క పగటిలో, సుమారు 24 మైళ్లు నడచి, 12 గంటలలోపల చుట్టివచ్చుట అచ్చటి పాదచారుల వాడుక. ఉద్యోగరీత్యా ఆ ప్రాంతమున కాపురమున్న మేమును, మా గృహిణియు జూన్ మాసమున నొకనాడు దీనికి పూనుకొంటిమి.

చదువరులకు ఒక సంగతి ముందే విన్నవింపవలెను. దంపతుల సమానత్వమును గూర్చి మేము సభలలో పలుమారు ప్రసంగించినవారమే. అయినను నాడు పటము మా జేబులోను, దిక్సూచి మా మెడలోను ఉండెను. పులిహోర మూట మాత్రము ఆమె వీపున నుండెను. భూగోళశాస్త్రము చదివినది ఆమె, మేము కాదు.

హార్టన్ గ్రామమున తెల్లవారుజామున బయలుదేరితిమి. పెనిగెంటు కొన దగ్గర రాళ్లను చేతులతో పట్టుకొని ప్రాకవలసివచ్చెను. మేము అడుగడుగునకు వెనుదిరిగి చేయి చాచుచుంటిమి. "ఏమండీ, నా రెండు చేతులును రాతికే చాలకున్నవి. మీకిచ్చుటకు మూడవది యెక్కడ తేగలను?" అని యామె నవ్వినది.

రిబిల్‌హెడ్ కడ 24 కమానుల రైలువంతెన యొకటి కలదు. 1870లో మొదలై 1874లో ముగిసినది. దానిని కట్టిన కూలీలును, వారి ఆలుబిడ్డలును, ఆ బీటిలో కొయ్యగుడిసెలలో బ్రతికిరి. పలువురు ప్రమాదములచేతను, మశూచిచేతను మడిసి, సమీపమందలి చాపెల్ లె డేల్ దేవాలయపు ఆవరణమున పూడ్చబడిరి. జనులు వంతెనను చూచి మెచ్చుకొనుచుండిరి, మేమును మెచ్చుకొంటిమి. ఆమె మాత్రము, "ఈ గాలిలో పసిబిడ్డలకు స్నానమెట్లు చేయించిరో!" అని చాలసేపు అచ్చటనే నిలిచెను. ఆ ప్రశ్న మాకు తోచనే లేదు.

వర్న్‌సైడ్ మూటిలో నెత్తైనది. గాలి తప్ప దానిని గూర్చి చెప్పదగినది లేదు.

ఇంగిల్‌బరో శిఖరము మేడమీది డాబావలె చదునైనది. పురాతనపు కోటగోడల శిథిలములు కొన్ని యున్నవి. మేమెక్కునప్పటికి పొగమంచు క్రమ్మి, పది గజముల దూరమైన కానరాకుండెను. కొంతసేపు తిరిగి, "ఇదియే త్రోవ" యని మేము ధీమాగా నడచితిమి. ఆమె నిలిచిపోయినది.

"హార్టన్ తూర్పువైపున నున్నది. గాలి ప్రొద్దుటినుండి పడమటినుండియే వీచుచున్నది. ఇప్పుడది మన ముఖమునకు కొట్టుచున్నది గదా!"

మేము వాదించితిమి. కోపము కూడ వచ్చెను. ఆమె తప్పు చెప్పుచున్నదని కాదు, ఒప్పు చెప్పుచున్నదేమో యను భయముచేత. ఆ ప్రక్కకు దిగినచో ఇంగిల్టన్ చేరుదుము, లేదా రాతి అంచులపై పడుదుము. చలికి వ్రేళ్లు కొంకరలు పోవుచుండెను. తుదకు దిక్సూచి తీసి చూచితిమి. ముల్లు ఆమె పక్షముననే నిలిచెను.

మారుమాటాడక పటమును, దిక్సూచిని ఆమె చేతికిచ్చితిమి. ఆమె పటమును మడిచి, తూర్పు అంచునకు నడచి, బాటను కనుగొనెను. ఆమె వెనుక నడచుచు, త్రోవ తెలియనివాడు నడచునట్టి నడక యెట్లుండునో మొదటిసారి తెలిసికొంటిమి.

హార్టన్ చేరుసరికి 12 గంటల 40 నిమిషములైనది. ఆ 40 నిమిషములును మేము కొండమీద వాదించిన కాలమేనని యామె లెక్క కట్టినది. పటము మరల మా జేబునకు రాలేదు, మేమును అడుగలేదు. పులిహోర మూట మాత్రము ఇప్పుడు మా వీపున నున్నది.