కన్నకొడుకు, కాగితం కొడుకు

కడుపున పుట్టిన కొడుకు బతికుండగా అల్లుడికి ఆస్తంతా రాసిచ్చిన తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. ఇల్లూ పొలమూ కాదు, ఏకంగా ఫ్రాన్సు రాజ్యమే! ఆవిడ పేరు ఇసాబో మహారాణి. మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక చరిత్ర పుస్తకం పట్టుకుని కూర్చుంటే, వస్తుందనుకున్న నిద్ర రాలేదు సరికదా, ఒళ్లు మండిపోయింది. "ఇదేం తల్లమ్మా!" అనుకున్నాను. నేనూ ఓ కొడుకును కన్నదాన్నే మరి.

సంగతేమిటంటే, 1415లో అజిన్‌కూర్ దగ్గర ఇంగ్లండు రాజు అయిదో హెన్రీ ఫ్రెంచి సేనను చిత్తుగా ఓడించాడు. తర్వాత నార్మండీని ఆక్రమించాడు. చివరికి 1420 మే 21న త్రువా పట్టణంలో సంధి కుదిరింది. రాజకుమారి కాథరిన్‌ని హెన్రీకిచ్చి చెయ్యాలి. మామగారు ఆరో చార్లెస్ బతికున్నన్నాళ్లూ రాజు ఆయనే, పెత్తనం మాత్రం అల్లుడిది. ఆయన తర్వాత సింహాసనం కూడా అల్లుడిదే. పత్రంలో హెన్రీని కుమారుడన్నారు. పదిహేడేళ్ల అసలు కొడుకునేమో "యువరాజునని చెప్పుకునేవాడు" అని రాశారు! జూన్ 2న పెళ్లీ అయిపోయింది.

ఆ కొడుకు రాజుకి పుట్టలేదని తల్లే ఒప్పుకుందని తర్వాతివాళ్లు కథలల్లారు. పత్రంలో అలాంటి ముక్కే లేదు. ఉన్నది అతని "ఘోర నేరాల" ప్రస్తావన. 1419లో మోంతెరో వంతెన మీద మాటలకని వచ్చిన బర్గండీ ప్రభువు జాన్‌ను యువరాజు మనుషులు నరికేశారు. దాంతో జాన్ కొడుకు ఫిలిప్ మండిపడి ఇంగ్లీషువాళ్లతో చేతులు కలిపాడు. పారిస్ అప్పటికే బర్గండీ వాళ్ల గుప్పిట్లో ఉంది.

మరి ఇంటాయన ఏం చేస్తున్నాడంటారా? పాపం, 1392 నుంచీ ఆయనకు మతి చలిస్తూండేది. కొన్నాళ్లు బాగుండేవాడు, కొన్నాళ్లు కట్టుకున్న భార్యనే గుర్తుపట్టేవాడు కాదు. తన ఒళ్లు గాజుదనీ, పగిలిపోతుందనీ భయపడేవాడట. ఆవిడ పన్నెండుమందిని కంది. యువరాజులైన కొడుకులు ఒకడు 1415లో, ఇంకొకడు 1417లో పోయారు. మొగుడు చూస్తే అలా, శత్రువు చూస్తే గుమ్మంలో, మిగిలిన ఒక్క కొడుకూ ఎదుటి పక్షంలో. ఆ స్థితిలో మనమైతే ఏం చేసేవాళ్లం, మీరే చెప్పండి!

నా కోపం పూర్తిగా పోయిందనను, సగం చల్లారింది. కత్తులు పట్టిందీ, బేరాలాడిందీ ముఖ్యంగా మగవాళ్లు. "రాజ్యం అమ్ముకున్న తల్లి" అనే నింద మాత్రం ఆవిడ నెత్తిన.

అంత చేసినా ఆ రాత నిలిచిందా? 1422 ఆగస్టు 31న అల్లుడు పోయాడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 21న మామగారూ పోయారు. ఏడాదైనా నిండని మనవణ్ణి రాజన్నారు. కన్నకొడుకు ఊరుకుంటాడా? 1429 జూలై 17న జోన్ ఆఫ్ ఆర్క్ పక్కన నిలబడగా రాన్స్‌లో కిరీటం పెట్టించుకున్నాడు. 1435 సెప్టెంబరులో ఫిలిప్ కూడా అతనితో రాజీపడ్డాడు. ఆ నెలలోనే, ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న పారిస్‌లో, ఇసాబో కన్నుమూసింది.

ఇంతలో మావాడు బడినుంచి వచ్చి "అమ్మా, ఆకలి!" అన్నాడు. పుస్తకం మూసి లేచాను. ఇకమీదట చరిత్రలో ఏ తల్లైనా చెడ్డదని కనబడితే, ఇంకో నాలుగు పేజీలు తిప్పాకే తిట్టాలని నిశ్చయించుకున్నాను.