కుట్టుపూవు, వక్రరేఖ

నేటి ఉదయము సండూరు ప్రాంతపు తారానగర్‌లో ఒక లంబాణీ అవ్వ తన పాత లంగా అంచును చూపగా, ఆమె అనుమతితో ఫోటో తీసి, ఇంక్‌స్కేప్ అను చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో తెరచి చూచితిని.

పెద్దది చేసినకొలదియు ఎఱ్ఱదారపు మెలికలు, అద్దపు బిళ్ళలు చదరపు చుక్కలై చెదరిపోయినవి.

'ట్రేస్ బిట్‌మ్యాప్' నొక్కినంతనే ఆ అంచులే బెజియే వక్రరేఖలై, ఎంత పెంచినను చెక్కుచెదరక నిలిచినవి.

1960ల దశకమున రెనో కార్ల ఆకృతులకై పియేర్ బెజియే ప్రచారమునకు తెచ్చిన ఆ గణితము, 2010లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు నందిన మన సండూరు లంబాణీ కుట్టుకును అక్కరకు వచ్చుట నాకెంతో ఆనందము కలిగించినది.

అయితే యంత్రము రంగుల హద్దులనే గ్రహించును గాని, ఏ దారము పైన, ఏది క్రింద పోయినదో ఎఱుగదు. అద్దముపై పడిన వెలుగును సైతము ఒక పూరేకుగా గీసివైచినది.

అట్టి వానిని తొలగించి, వక్రరేఖపైని ఒక్కొక్క నోడును (బిందువును) సరిచేయవలెనన్న, ఆ కుట్టు తెలిసిన స్త్రీ ప్రక్కన కూర్చుండి చెప్పవలసినదే.

ఈ వక్రరేఖలను దాచు ఎస్వీజీ ఫైలుతోపాటు, ఆమె సమ్మతించినచో, ఆమె పేరును ఊరును గూడ భద్రపరచుట మన ధర్మమని నా దృఢవిశ్వాసము.

మిత్రులారా, మీ ఇండ్లలోని కుట్టుపనులను, ముగ్గులను ఎవరైన ఇట్లు మార్చితిరా? ఏ పద్ధతి ననుసరించితిరో దయచేసి వ్రాయుడు.