నాటకం చదివితే నటులవుతారా?

కాలేజీలో నాటకం చదివితే నటనకు పనికొస్తుందా? రెండువైపులా ఉదాహరణలున్నాయి. నసీరుద్దీన్ షా, ఓంపురి ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివారు. అక్కినేనికి కాలేజీ చదువే లేదు. నాటకాల్లో ఆడవేషాలు కడుతూ ఎదిగారు. ఎన్టీఆర్ విజయవాడలో చదివేటప్పుడు కాలేజీ నాటకంలో మీసంతోనే ఆడవేషం కట్టారు. తర్వాత సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి సబ్ రిజిస్ట్రార్ అయ్యారు. కొద్దివారాలకే ఉద్యోగం వదిలేశారు. 1949లో 'మనదేశం'తో తెరకెక్కారు. వీళ్ల దారులు వేరైనా అందరికీ రంగస్థల సాధన ఉంది.

హజీరాలో షిఫ్టు డ్యూటీలు చేస్తూ నాన్న నన్ను ఇంజినీరింగ్ చదివించారు. ఇప్పుడు తమ్ముడు థియేటర్ ఆర్ట్స్‌లో చేరతానంటున్నాడు. నాన్న నన్నడిగారు. డిగ్రీ వేషాలు ఇప్పించదు, సాధనకు మూడేళ్లు మాత్రం ఇస్తుందన్నాను. నా కోచింగ్ కూడా ఉద్యోగానికి హామీ ఇవ్వలేదు కదా, నాన్నా!