కాగితం అడగడం అమర్యాద కాదు

బిడ్డను విదేశీ చదువుకు పంపే ఇంట తల్లి బంగారం, తండ్రి పదవీ విరమణ సొమ్ము, వడ్డీ బారిన పడరాదని బంధువులు ఇచ్చిన ఖర్జె హసనా అన్నీ కలిసి ఒక్క రుసుముగా సముద్రం దాటిపోతాయి. ఆస్ట్రేలియాలో ఉన్నత విద్యకు ముందు ఆంగ్ల భాషా కోర్సు చదవవలసిన మా అక్క కుమార్తె విషయంలో, ఆ సొమ్ముకు పూచీ ఎవరన్న ప్రశ్న మమ్మల్ని కలవరపరిచింది.

విచారించగా, ఆ దేశం దీనిని కేవలం నమ్మకానికి వదలలేదని తెలిసింది. విదేశీ విద్యార్థుల రక్షణకు అక్కడ 2000లోనే చట్టం వచ్చింది. విద్యార్థి వీసాపై వచ్చేవారికి బోధించే సంస్థ, కోర్సు రెండూ ‘క్రికాస్’ అనే ప్రభుత్వ పట్టికలో నమోదై ఉండాలి. ఆంగ్ల భాషా కోర్సులో వారానికి కనీసం 20 గంటల ముఖాముఖి బోధన జరగాలి. రుసుము వాపసు షరతులతో లిఖిత ఒప్పందం ఉండాలి. 2009 ప్రాంతంలో పలు ప్రైవేటు కళాశాలలు హఠాత్తుగా మూతపడి, మన దేశపు పిల్లలు సహా ఎందరో వీధిన పడ్డారు. ఆ అనుభవం తరువాత 2012లో రుసుముల రక్షణ వ్యవస్థ ఏర్పడింది. సంస్థ మూతపడితే విద్యార్థికి వేరొక చోట ప్రవేశం చూపడం, లేదా బోధన జరగని కాలపు రుసుము తిరిగి ఇప్పించడం దాని బాధ్యత.

అయితే మాకు మధ్యవర్తిగా ఉన్న ఏజెంటు మసీదులో మాతో ఒకే సఫ్‌లో నిలిచే వ్యక్తి. ఆయనను నమోదు సంఖ్య, ఒప్పంద పత్రం అడగడం అమర్యాద అవుతుందని ఇంటి పెద్దలు సంశయించారు. అప్పుడు మేము దివ్య ఖుర్ఆన్ ‘అల్ బఖరా’ సూరాలోని 282వ ఆయత్‌ను గుర్తు చేసుకున్నాము. గడువుతో కూడిన రుణ వ్యవహారాన్ని వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అల్లాహ్ ఆదేశించినది విశ్వాసులనే కదా! మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిలోనికి చేయి పోనిచ్చి, లోపలి తడిని దాచిన వర్తకుణ్ణి మందలించారు. తనిఖీ అవమానం కాదు, బలహీనుని హక్కుకు కావలి.

మేము మర్యాదగానే అడిగాము. ఆయన పత్రాలు తెచ్చి ఇచ్చారు. పట్టికతో సరిచూసిన తరువాతనే రుసుము చెల్లించాము.

ఈ ధర్మం మన పిల్లలకూ వర్తిస్తుంది. చదువు పేర వీసా పొంది, తరగతి విడిచి పనికే పరిమితమైతే అదీ తడి దాచిన ధాన్యమే. ఒప్పందానికి ఇరుపక్షాలూ కట్టుబడినప్పుడే అందులో బర్కత్ ఉంటుంది.