ఆ నలుగురు

‘ఆ నలుగురు’ అనగానే మనకి పాడె మోసేవాళ్ళే గుర్తొస్తారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో నలుగురు బతికున్న మనిషిని మోసుకొచ్చారు. కపెర్నహూములో యేసు ఉన్న ఇల్లు జనంతో కిక్కిరిసింది, వాకిట్లో కూడా చోటు లేదు. రేపు చూద్దాంలే అని వాళ్ళు వెనుదిరగలేదు. పైకెక్కి, కప్పు విప్పి, పక్షవాయువుతో ఉన్న ఆ మనిషిని పరుపుతో సహా కిందికి దించారు. యేసు వాళ్ళ విశ్వాసం చూశాడు. అధ్యాయం మొత్తం వెతికినా ఆ నలుగురూ ఒక్క మాట మాట్లాడినట్టు ఉండదు!

మనం వాట్సాప్‌లో ‘ప్రార్థిస్తున్నాం బ్రదర్’ అని పెట్టి ఊరుకుంటున్నాం. ప్రార్థన చెయ్యాల్సిందే. డయాలసిస్‌కి వెళ్ళే అన్నకి ఆటో మాట్లాడి, ఆసుపత్రిలో పక్కన కూర్చోవడం కూడా విశ్వాసమే. మోకాళ్ళ నొప్పితో ఆరాధన మానేసిన అమ్మమ్మని చెయ్యి పట్టుకుని మందిరం మెట్లెక్కించడం కూడా విశ్వాసమే. మెట్ల పక్కన ర్యాంపు కట్టిస్తే ఇంకా మంచిది.

కొన్నాళ్ళుగా సంఘంలో ఎవరు కనబడటం లేదో ఈ ఆదివారం అడగండి. ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.